చందా సంచిలో నా చెయ్యి

ఒక బరువు ఇరవై ఏళ్లుగా నా దగ్గర ఉంది. ముందే ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. మొదటి ఎనిమిదేళ్లు నాకు రాయడమే రాదు. అక్షరం తెలియని మనిషి తన తప్పును కాగితం మీద పెట్టాలంటే ఇంకొకరికి చెప్పి రాయించుకోవాలి. నోటితో చెప్పే ధైర్యమే ఉంటే రాయించడం దేనికి? తర్వాత, నలభై ఆరో ఏట, నేను అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడూ రాయలేదు. ఆ అక్షరాలు నాకు ఎవరు నేర్పారో తెలిస్తే, ఎందుకు రాయలేకపోయానో మీకే అర్థమవుతుంది. అది ముందే చెప్పను. వరసలో చెప్పకపోతే ఎక్కడో ఒకచోట తప్పించుకుంటాను. నాకు ఆ అలవాటు ఉంది.

నా పేరు రాయడం లేదు. మిగతావాళ్ల పేర్లు మార్చాను.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో నేను చాలా ఏళ్లు పని చేశాను. స్ట్రిప్పుల సెక్షన్. మెషీన్‌లో నుంచి మాత్రల పట్టీలు వస్తాయి. రెండు వైపులా వెండిరంగు రేకు ఉంటుంది కాబట్టి లోపల మాత్ర ఉందో లేదో కంటికి కనబడదు. ఒక్కో పట్టీకి పది గూళ్లు. ఆ పది గూళ్ల మీదా బొటనవేలితో ఒకసారి నిమరాలి. ఒక గూడు ఖాళీగా ఉన్నా, ఒక మాత్ర విరిగి ఉన్నా వేలికి తెలియాలి. అలాంటి పట్టీ తీసి పక్కన డబ్బాలో పడేయాలి. మొదటి నెల నాకు తెలిసేది కాదు. కొన్నేళ్లకు కబుర్లు చెప్పుకుంటూ, గోడ గడియారం చూస్తూ కూడా ఖాళీ గూడును పట్టేదాన్ని. మా సూపర్‌వైజరు బీహార్ మనిషి. "మౌసీ కీ ఉంగ్లీ మే ఆంఖ్ హై" అనేవాడు. పిన్ని వేలిలో కన్ను ఉందని. నాకు గర్వంగా ఉండేది. చదువు లేని మనిషికి గర్వపడటానికి ఏముంటుంది, అదొక్కటే ఉండేది.

బల్లకు అవతలి వైపు రత్నమ్మ కూర్చునేది. మా ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చర్చి, ఒకే షిఫ్టు. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే బిడ్డ, సుగుణ. సుగుణకంటే నా బిడ్డ మణి రెండేళ్లు చిన్నది. మణి పదో తరగతిలో లెక్కలు తప్పింది. రత్నమ్మ నాతో, "మల్ల కట్టియ్యే పరీక్ష, ఒక్కటే కద తప్పింది" అని రెండుసార్లు అంది. నేను వినలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. నేనే మణిని కంపెనీ గేటు దగ్గరికి తీసుకుపోయి, సూపర్‌వైజరుకు చూపించి, నా పక్కనే బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

సుగుణ మాత్రం సంగారెడ్డికి బస్సులో పోయి డిగ్రీ చదివింది. బీఎస్సీ. ఆ తర్వాత ఏదో పరీక్ష రాసింది. నగరంలోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. మా ఊరి ఆడపిల్లల్లో అంత చదువుకు పోబోయేది ఆమే మొదలు.

సీటు వచ్చిన మర్నాడు రత్నమ్మ అన్నం గంటలో అందరికీ లడ్డూలు పంచింది. రేకుల షెడ్డు కింద పది పన్నెండు మందిమి కూర్చున్నాం. రత్నమ్మ ముఖం అంత వెలుగుగా నేను ఎప్పుడూ చూడలేదు. క్వాలిటీ ల్యాబు అద్దాలవైపు చెయ్యి చూపించి అంది.

"నా బిడ్డ గిట్ల బల్లకాడ కూసోదే. తెల్లకోటు ఏసుకొని గా అద్దాల రూముల కూసుంటది."

"అయితే ఇగ మన స్ట్రిప్పులన్నీ గామెనే పాస్ జెయ్యాలె! జెర మా మీద దయ పెట్టుమను" అని ఒకామె అంటే అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. నా పక్కన మణి కూర్చుని ఉంది. లడ్డూ తింటూ ఉన్న పిల్ల తల వంచుకుంది. ఎవరూ చూడలేదు. రత్నమ్మ కూడా చూడలేదు. ఆమె మాటలో విషం లేదు. అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఆ మాటను నేను నోట్లోని ముల్లులా పెట్టుకుని తిరిగాను.

సీటు రావడం ఒకటి, చేరడం ఒకటి. ఫీజు కట్టి, హాస్టలుకు కట్టి, నెలలోపల చేరాలి. రత్నమ్మ తిరగడం మొదలుపెట్టింది. సర్కారు స్కాలర్‌షిప్పుకు సర్టిఫికెట్ కావాలి. అత్తగారి ఊరు జోగిపేట వైపు కాబట్టి అది అక్కడి నుంచే రావాలి. సెలవు పెట్టుకుని నాలుగుసార్లు పోయింది. సర్టిఫికెట్ వచ్చినా స్కాలర్‌షిప్పు చేతికి వచ్చేది చదువు సగమయ్యాకే అని తెలిసింది. బ్యాంకులో పొలం కాగితాలు అడిగారు. మెడలో ఉన్న బంగారం డిగ్రీ అప్పుడే పోయింది. మా కంపెనీలో పిల్లల చదువుకు సాయం చేస్తారని ఎవరో చెబితే ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడింది. అది పర్మినెంటు వాళ్లకేనట. మేము కాంట్రాక్టు మనుషులం. ప్రతిరోజూ బల్ల దగ్గర, వేళ్లు పట్టీల మీద ఉండగానే, ఏ తలుపు ఎట్లా మూసుకుందో నాకు చెప్పేది. నేను "అయ్యో" అనేదాన్ని. ఆ అయ్యో అబద్ధమా? పూర్తిగా అబద్ధం కాదు. నాకు నిజంగా జాలి వేసేది. జాలి వేసిన చోటే ఇంకేదో కూడా ఉండేది. ఒక్కో తలుపు మూసుకున్నప్పుడు లోపల ఎక్కడో చిన్నగా ఊపిరి అందినట్టు ఉండేది. మనిషి లోపల ఈ రెండూ పక్కపక్కన ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక మిగిలింది మా చర్చి పిడికెడు బియ్యం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ఆడవాళ్లం రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసుకుని, వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా చర్చికి తెస్తాం. ఆరాధన అయ్యాక బియ్యం కొలిచి, వేలం వేసి అమ్ముతారు. ఆ డబ్బు స్త్రీల సంఘానిది. మా సంఘం ఆ డబ్బుతో ఏడాదికి ఒక పిల్లనో పిల్లవాడినో పెద్ద చదువుకు పంపాలని తీర్మానం చేసుకుంది. ఒక్కరికే సరిపోతుంది. ఆ ఏడాది ఇద్దరు వచ్చారు. ఒకరు సుగుణ. ఇంకొకరు మా ఊరి బడి మాస్టారు కొడుకు జయపాల్. అతనికీ నగరంలోనే ఎమ్మే సీటు వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చాపల మీద కూర్చుని మాట్లాడుకున్నాం.

"మాస్టారు మన పిల్లలకు ఉత్తగనే చదువు చెప్తడు. ఆయన కొడుక్కు ఇయ్యకుంటే ఎట్ల?"

"ఆయనకు నెలనెలా జీతమొస్తది. రత్నమ్మకు ఎవలున్నరు?"

"జీతమొస్తే అయిందా? నలుగురు పిల్లలు, ముసలి తల్లి. నువ్వు పోయి నడిపియ్యి ఆ ఇల్లు!"

చేతులెత్తితే సగం సగం వచ్చాయి. చర్చి పాస్టరు అయ్యగారి భార్యను మేము అమ్మగారు అంటాం. సంఘానికి ఆమే పెద్ద. ఆమె, బైబిలు వాక్యంలో కూడా ఇలాంటప్పుడు చీట్లు వేశారు, మనమూ వేద్దాం, దేవుడు ఎవరిని చూపిస్తే వారు అంది. అందరూ ఒప్పుకున్నారు. చీటీ ఎవరు తీయాలి?

"చదువు రానోళ్లు తియ్యాలె" అంది ఒక ముసలామె. "చదువొచ్చిన కండ్లయితే ఎట్లనన్న సూస్తయ్."

అది అందరికీ నచ్చింది. చదువు రాని చేతిలో మోసం ఉండదని మా నమ్మకం. సంతకం రానివాళ్లు ఆరేడుగురం ఉన్నాం. రత్నమ్మే నా వైపు చూసింది.

"గామెను తియ్యమనుండ్రి. మాస్టారమ్మకు ఇష్టమైతే నాకూ ఇష్టమే."

మాస్టారి భార్య తల ఊపింది.

అమ్మగారు ఒక కాగితం రెండు ముక్కలు చేసి, కీర్తనల పుస్తకం ఒడిలో పెట్టుకుని, దాని మెత్తటి అట్టమీద ఉంచి రాసింది. ఆమెది బాల్‌పెన్ను. గట్టిగా ఒత్తి రాసే చెయ్యి. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. ఏం రాసిందో నాకు తెలియదు. చెయ్యి కదలడం మాత్రం చూశాను. మొదటి ముక్క మీద ఒక వరుస రాసి, "జయపాల్" అని పైకి చదివి మడిచింది. రెండో ముక్క మీద ఒక వరుస రాసి ఆగింది. మా సంఘంలో సుగుణలు ఇద్దరున్నారు. అందుకని, "రత్నమ్మ కూతురు అని కూడా రాస్తున్నా" అంటూ కింద ఇంకో వరుస రాసింది. మడిచింది. రెండూ ఒకేలా మడిచి చందా సంచిలో వేసి, సంచిని బాగా కుదిపి నా ముందు పట్టింది.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. చెయ్యి లోపలికి పెట్టాను.

ఒక చీటీ వేలికి తగిలింది. వేలికి తెలుస్తుందని ముందే అనుకుని చెయ్యి పెట్టలేదు. ఇది నిజం. కానీ నా బొటనవేలు ఊరుకోదు. రోజుకు ఎన్నో వందల పట్టీలు నిమిరిన వేలు అది. కాగితం వెనకవైపు రాత ఉబ్బి గరుకుగా ఉంది. వేలు దాని మీద జరిగింది. ఒక వరుస. కింద ఇంకో వరుస.

సుగుణ.

అప్పుడు నేను చెయ్యవలసింది ఏమిటో నాకు తెలుసు. చెయ్యి బయటికి తీసి, "అమ్మగారూ, నాకు తెలుస్తున్నది, ఇంకొకరిని పిలవండి" అని చెప్పాలి. సుగుణ చీటీ తీసినా అది మోసమే అయ్యేది. ఒకసారి తెలిసిపోయాక ఏది తీసినా తీసింది నేనే, దేవుడు కాదు. ఇంత ఆలోచన అప్పుడు ఉందా అంటే, ఉంది. మీరు నమ్మరేమో, రెండు ఊపిరుల మధ్య ఇంత ఆలోచనా పట్టింది. ఆ వెంటనే తల వంచుకున్న మణి ముఖం కనిపించింది. "నా బిడ్డ గిట్ల బల్లకాడ కూసోదే." నేను ఆ చీటీని వదిలేశాను. వేళ్లను సంచి మూలకు పోనిచ్చి రెండో చీటీ పట్టుకున్నాను. నిమిరి చూశాను. ఒకటే వరుస. తీశాను.

అమ్మగారు విప్పి చదివింది. "జయపాల్."

మాస్టారి భార్య ఏడ్చింది. రత్నమ్మ ఒక క్షణం చాపనే చూసింది. తర్వాత అందరికంటే ముందు తనే చప్పట్లు కొట్టింది.

బయట బోరింగు దగ్గర నేను ముఖం కడుక్కుంటున్నాను. ఎన్నిసార్లు కడిగినా కళ్లు ఆగడం లేదు. రత్నమ్మ వెనకాలే వచ్చింది. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా పోలేదు.

"ఏందే, గిట్ల ఏడుస్తున్నవ్?"

"నా చెయ్యి..."

"నీ చెయ్యేం జేసిందే? నీకు చదువొచ్చునా, ఏమన్న సూసి తీసినవా? దేవుడు తీసిండు. నా బిడ్డకు ఆయన ఇంకేందో పెట్టిండు, మనకు తెల్వదు. ఇగ ఊకో. సుగుణ సూస్తే అది గూడ ఏడుస్తది."

తన కొంగుతో నా ముఖం తుడిచింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. నాకు తెలిసింది, అని. నేను రత్నమ్మ చెయ్యి పట్టుకుని, "అవునే, దేవుడే" అన్నాను.

నా తప్పులు రెండు. ఒకటి సంచిలో చేసింది. రెండోది బోరింగు దగ్గర చేసింది. మొదటిది రెండు ఊపిరుల్లో అయిపోయింది. రెండోదాన్ని ఇరవై ఏళ్లు రోజూ చేస్తూ వచ్చాను.

ఎందుకు చేశానని నన్ను నేను అడిగినప్పుడల్లా జవాబు మారుతుంది. ఒక్క మాటకు ఒక పిల్ల చదువును పాడు చేస్తారా ఎవరైనా? ఆ మాట కాకపోయినా చేసేదాన్నేమో. రత్నమ్మ నా ఎదుట అదే బల్ల దగ్గర ఉండాలని, ఆమె బిడ్డ కూడా నా బిడ్డ లాగే ఉంటే మేము ఎప్పటిలా సమానంగా ఉంటామని అనుకున్నానేమో. లేక మణిని బడి మాన్పించింది నేనే అన్న సంగతి సుగుణను చూసినప్పుడల్లా గుర్తొస్తుందని భయపడ్డానేమో. నాకు పైసా లాభం లేదు. అందుకే నన్ను ఎవరూ అనుమానించలేదు. లాభం లేకుండా చెడు చేసే మనిషి ఉంటుందని ఎవరు అనుకుంటారు?

జయపాల్ వెళ్లి చదువుకున్నాడు. మంచివాడు. ఇప్పుడు ఎక్కడో కాలేజీలో పాఠాలు చెబుతాడు. అతనికి ఏమీ తెలియదు, అతని తప్పు ఏమీ లేదు. సుగుణ సీటు గడువు దాటి పోయింది. మరుసటి ఏడు మళ్లీ పరీక్ష రాయమని అమ్మగారు అంది. అప్పటికి సుగుణ ఒక కంపెనీ ల్యాబులో పనికి చేరింది. అద్దాల రూములోనే. తెల్లకోటు వాళ్లు వాడిన సీసాలు కడిగే పని. మూడేళ్లు అది చేసి, తర్వాత భానూరు వైపు ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. పెళ్లయింది, పిల్లలున్నారు. మా ఊళ్లోనే ఉండి తల్లిని తన దగ్గరే పెట్టుకుంది. పిల్ల బాగానే ఉంది కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. బాగానే ఉండటం ఆమె కష్టం. అందులో నేను నా తప్పును దాచుకోకూడదు.

ఇప్పుడు అక్షరాల సంగతి.

ఎనిమిదేళ్ల తర్వాత మా చర్చి వెనక గదిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. జీతం లేకుండా చెప్పడానికి సుగుణ ఒప్పుకుంది. నేను పోనన్నాను. రత్నమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "ఎన్నేండ్లు గా నల్ల ముద్ర ఏస్తవే బొటనవేలితోని? సిగ్గు లేదా?" అని అందరినీ నవ్వించింది. పది మంది ఆడవాళ్లం పలకలు పట్టుకుని కూర్చున్నాం. కొన్ని వారాలకు పలక పోయి నోటుబుక్కు వచ్చింది. నాకు అక్షరం వంపు తిరిగేది కాదు. సుగుణ నా పక్కన కూర్చుని, నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని రాయించింది. ఏ చేతిని పట్టుకుందో ఆమెకు తెలియదు.

"చిన్నమ్మా, గంత గట్టిగ ఒత్తకు. కాగితం అవుతలికి పడ్తది సూడు" అని, కాగితం తిప్పి వెనకవైపు ఉబ్బిన గీతను చూపించింది. "వేలు పెట్టి సూడు, తెలుస్తది."

నేను చెయ్యి లాక్కున్నాను. సిగ్గుపడ్డానని అనుకుని నవ్వింది.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక ఆమెను అడిగాను. ఆ చదువుకు పోలేదని ఇంకా బాధ ఉందా అని. నా బరువు కొంచెం తగ్గుతుందేమోనని అడిగాను. ఆమె కోసం అడగలేదు.

"అప్పుడు మస్తు ఏడ్చిన చిన్నమ్మా. సీసాలు కడిగేటప్పుడు యాదికొచ్చేది. దేంట్ల ఏముండెనో వాసన సూసి చెప్తుంటిని. కానీ చెప్తే ఎవలింటరు?" అంది. తర్వాత, "పోనీ తియ్, అంతా మంచికే" అని గదికి తాళం వేసింది.

ఆమె నేర్పిన అక్షరాలతో ఈ సంగతి రాయడమా? రాయకపోతే ఆ అక్షరాలు ఉండి ఎందుకు? పన్నెండేళ్లు ఈ రెండు ప్రశ్నల మధ్య తిరిగాను. ఆ అక్షరాలతో బస్సు బోర్డులు చదివాను. మందు సీసాల మీద పేర్లు చదివాను. ఇది మాత్రం రాయలేదు.

నిన్న కాదు, ఈ రోజే. ఆదివారం. ఆరాధన అయ్యాక మళ్లీ చాపలు పరిచారు. మళ్లీ ఇద్దరు పిల్లలు. ఒకరికి ఎంసీఏ, ఒకరికి ఎమ్మెస్సీ. మళ్లీ చేతులు సగం సగం. ఇప్పటి అమ్మగారు వేరే. చీట్లు వేద్దామంది. మధ్యలో రెండు మూడుసార్లు నన్ను పిలిచినప్పుడు కడుపునొప్పి అనో, ఊరు పోవాలనో తప్పించుకున్నాను. ఈసారి రత్నమ్మ లేచి నిలబడింది. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు సరిగా లేవు. గోడ పట్టుకుని నిలబడి చెప్పింది.

"గామెనే తియ్యాలె. చదువు నేర్సినా గా చెయ్యి అదే చెయ్యి. ఆనాడు నా బిడ్డకు రాలే. అయినా నేనే చెప్తున్న, గామెది సక్కని చెయ్యి."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మగారు సంచి పట్టుకుని ఉంది. నేను లేచాను. "నేను తియ్య. నా చెయ్యి సక్కనిది కాదు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదనుకున్నారు. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ఇంటికి వచ్చేశాను. మనుమడి నోటుబుక్కులో ఖాళీ పేజీలు చూసి మధ్యాహ్నం ఇది రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు దీపాలు పెట్టే వేళ. చెయ్యి నొప్పిగా ఉంది. ఇంకా గట్టిగానే ఒత్తి రాస్తున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించేవాళ్లు కారు, క్షమించవలసినవాళ్లు వేరే ఉన్నారు. దేవుణ్ణి కూడా ఈ విషయంలో అడగడానికి నోరు రాదు. నా పనిని ఆయన మీద వేసి ఇరవై ఏళ్లు ఊరుకున్నాను. రాసేశాను. అంతే. ఛాతీలో ఏదో కొంచెం వదులైంది. ఆ వదులు నాకు దక్కవలసిందో కాదో తెలియదు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. సోమవారం పొద్దున జరిగింది కూడా రాయాలి.

పొద్దున్నే నోటుబుక్కు కొంగు కింద పెట్టుకుని రత్నమ్మ ఇంటికి పోయాను. సుగుణ చేతికి ఇచ్చి చదవమందామని అనుకున్నాను. గుమ్మం దగ్గరికి వెళ్లాక కాళ్లు ఆగాయి. కాగితం ఇచ్చి నిలబడితే మళ్లీ ఇంకొకరే విప్పి చదువుతారు, నేను ఊరికే చూస్తూ ఉంటాను. అది వద్దనుకున్నాను. రత్నమ్మ అరుగు మీద మెంతికూర తుంచుతోంది. "రావే, నిన్న ఏమైంది నీకు? కూసో, చాయ్ పెడ్తది సుగుణ" అంది. సుగుణ లోపలి నుంచి, భుజానికి బ్యాగు తగిలించుకుని, బడికి పోవడానికి బయటికి వచ్చింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. చీటీ వెనక రాత నా వేలికి తెలిసిందని, రెండు వరుసలది సుగుణదని తెలిసి వదిలేశానని, ఒక్క వరుసది వెతికి తీశానని. నోటుబుక్కులో ఇన్ని పేజీలు పట్టింది, నోటితో నాలుగు మాటల్లో అయిపోయింది.

రత్నమ్మ చేతిలో మెంతికూర ఆగింది. సుగుణే ముందు మాట్లాడింది.

"రెండు వరుసలు... అమ్మ పేరు కింద రాసినందుకా?"

"తప్పు పేరుది కాదు బిడ్డా. నాది" అన్నాను.

సుగుణ బ్యాగు భుజం మీదికి సర్దుకుంది. ఎప్పుడూ "పోయొస్త చిన్నమ్మా" అని చెప్పి వెళ్లే పిల్ల. ఆ మాట అనకుండా చెప్పులేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

రత్నమ్మ సందు చివరి దాకా బిడ్డనే చూసింది. ఆమె మలుపు తిరిగాక, నా వైపు తిరగకుండానే అంది.

"ఇన్నేండ్లు దేవుణ్ణి అడిగిన. నా బిడ్డ ఏం తప్పు జేసిందని రోజూ మోకాళ్ల మీద కూసోని అడిగిన. అడగాల్సింది నిన్నని నాకు తెల్వకపాయె."

రత్నమ్మ మెంతికూర పక్కకు పెట్టింది.

"వచ్చే ఆదివారం అందరి ముందట చెప్తవా?"

"చెప్త."

"మాస్టారమ్మ ఉన్నప్పుడే చెప్పాలె. ఆమె కొడుకుది తప్పు లేదని గూడ చెప్పాలె."

"చెప్త."

"అయితే ఇగ పో."

వచ్చేశాను. దారిలో షిఫ్టు బస్సు దిగిన ఆడవాళ్లు ఏదో అడిగారు, ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఇరవై ఏళ్లుగా రత్నమ్మ నాతో ఎన్ని మంచి మాటలు అందో లెక్కలేదు. అవన్నీ నేనని ఆమె అనుకున్న ఇంకెవరికో చెప్పిన మాటలు. ఈ పొద్దున "పో" అంది. ఆ మాట నాకే చెప్పింది.